పర్దేస్‌కు మజ్దూర్‌గానే వెళ్లాలా? సైకిల్ మీద మొదటి రోజు మాట



మా ఖానాపూర్‌లో ఎవరి చేతిలోనైనా కొత్త పాస్‌పోర్టు కనిపిస్తే "ఎందుకు?" అని అడిగేవాళ్లు ఉండరు. "దుబాయా, సౌదీయా, మస్కటా?" అని అడుగుతారు. నేను శ్రీలంక అన్నప్పుడు చాయ్ హోటల్లో కూర్చున్న చిచ్చా ఒకాయన "ఆడ ఏం కంపెనీ ఉంది?" అన్నాడు. కంపెనీ ఏమీ లేదు చిచ్చా, పదిహేను రోజులు సైకిల్ మీద తిరిగి వస్తా అంటే ఆయన నవ్వలేదు, గుస్సా కాలేదు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకు. "పైసలు తేవడానికి పోతరు గానీ, పైసలు పెట్టుకొని పోవుడేంది బేటా?" అన్నాడు.

ఆ సవాల్‌ను నేను తేలిగ్గా తీసుకోను. అడిగినాయన ఇరవై ఏళ్లు రియాద్ ఎండలో పనిచేసి ముగ్గురు ఆడపిల్లల నికాహ్ చేసిన మనిషి. కాని నాకూ ఒక సవాల్ ఉంది. అది ఆయనకు కాదు, మన ఇళ్లన్నింటికీ. ఇరవై ఏళ్ల పిల్లవాణ్ని, ఎప్పుడూ నిర్మల్ దాటి ఒక్కడే వెళ్లనివాణ్ని, ఏజెంటు మాట మీద పంపుతాం. కఫీల్ ఎవరో తెలియదు. ఆజాద్ వీసా అంటాడు, అది నిజంగా ఏమిటో తెలియదు. అక్కడ దిగగానే పాస్‌పోర్టు లాక్కుంటే ఏం చేయాలో తెలియదు. అప్పు చేసి, నగలు కుదువబెట్టి, దువాలు చదివి పంపుతాం. అదే పిల్లవాడు చేతిలో తిరుగు టికెట్ పెట్టుకొని, రెండు వారాలు పొరుగు దేశం చూసి వస్తానంటే ఇల్లంతా ఏకమై "ఒక్కడివే ఎట్ల పోతవ్?" అంటాం. మొదటి సఫర్‌లో లేని ఖౌఫ్ రెండో దాంట్లో ఎక్కడి నుంచి వచ్చింది?

మన జిల్లాల్లో శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు పెట్టె తీసుకురావడానికి వెళ్లిన వాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. ఏ పెట్టె అని మీకు చెప్పక్కర్లేదు. అంత చూసినా గల్ఫ్ సఫర్‌ను మనం రిజ్క్ అంటాం, సబ్ర్ చేస్తాం. రిజ్క్ కోసం వెళ్లడం ఇజ్జత్ గల పనే, నేను కాదనడం లేదు. మా అబ్బా కూడా వెళ్లారు, నా చదువు ఆ రియాళ్లతోనే నడిచింది. కాని పర్దేస్ అన్న లఫ్జ్‌కు మజ్దూరీ తప్ప వేరే అర్థమే లేకుండా పోవడం మాత్రం మన ఖౌమ్‌కు పాత అలవాటు కాదు. 1970ల్లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ తలుపులు తెరుచుకున్నాక వచ్చిన అలవాటు. దానికి ముందు మన దాదా, పర్‌దాదాలు బొంబాయి నుంచి ఓడ ఎక్కి హజ్‌కు వెళ్లేవారు. వారాల తరబడి సముద్రం. ఇక ఖురాన్ అయితే భూమి మీద తిరగండి, చూడండి, సోచాయించండి అని ఒకచోట కాదు, ఎన్నో చోట్ల చెబుతుంది. ఆ ఆయత్‌లు చదివి, ముసహఫ్‌ను కళ్లకు అద్దుకొని, తాఖ్‌లో పెట్టేస్తాం.

అందుకే ఈసారి మొదటి రోజు గురించి రాస్తున్నాను. పదిహేను రోజుల సఫర్‌నామా కాదు ఇది. ఇంట్లో వాళ్లు భయపడేది మొదటి రోజుకే. వెళ్లేవాడి ధైర్యం నిలబడేదీ, కూలేదీ ఆ రోజే.

శ్రీలంకే ఎందుకు అని చాలామంది అడిగారు. హైదరాబాద్ నుంచి కొలంబోకు నేరుగా ఫ్లైట్ ఉంది. గడియారం మార్చక్కర్లేదు, వాళ్లదీ మనదీ ఒకే టైం. మనలాగే ఎడమ పక్క నడుపుతారు, సైకిల్ మనిషికి ఇది చిన్న విషయం కాదు. మన రూపాయికి అక్కడి రూపాయలు మూడు పైనే వస్తాయి. పడమటి తీరం దారి చదునుగా ఉంటుంది, జనవరిలో వానలు తక్కువ. ఇంకో కారణం దిల్‌కు సంబంధించింది. మన నానీమాల కిస్సాల్లో వినిపించే సరన్‌దీప్ అదే. ఇబ్నె బతూతా 1344లో మాల్దీవుల నుంచి బయలుదేరి ఈ తీరంలోనే పుత్తళంలో దిగాడు. అక్కడి నుంచి బాబా ఆదమ్ అడుగుజాడ ఉందనుకునే కొండకు జియారత్‌కు వెళ్లాడు. ఆయన దిగిన ఊరికి రెండో రోజు సాయంత్రానికి చేరాలని నా ఇరాదా.

ఇబ్నె బతూతా పేరు మన మదర్సాల్లో, ఉర్దూ కితాబుల్లో ఎంత వినిపించినా, ఆయన మొదటి రోజుల సంగతి ఎవరూ చెప్పరు. 1325 జూన్‌లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, తాంజా నుంచి ఒక్కడే బయలుదేరాడు. తోడు లేదు, కాఫిలా లేదు. అమ్మానాన్నలను వదలడం ఎంత కష్టమైందో తన రిహ్లాలో తానే రాసుకున్నాడు. దారిలో జ్వరం వచ్చింది. ట్యూనిస్ చేరినప్పుడు జనం ఒకరికొకరు సలాం చెప్పుకుంటున్నారు, తనను పలకరించేవాడు లేడు. ఏడ్చేశాడు. అది చూసి ఒక హాజీ దగ్గరికి వచ్చి మాట కలిపాడు. ఇరవై నాలుగేళ్ల తర్వాత ఇల్లు చేరేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు. కాబట్టి ఇంట్లో వాళ్ల బాధ ఉత్త బాధ అని నేను అనను. అమ్మీ "కాయ్‌కు జాతా రే అకేలా?" అంటే ఆ మాటకు ఏడు వందల ఏళ్ల వజన్ ఉంది.

ఒంటరి సఫర్ గురించి దీనీ ఎతరాజ్ కూడా ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. ఒక్కడే సవారీ చేయడం గురించి, ముఖ్యంగా రాత్రివేళ ఒక్కడే వెళ్లడం గురించి హెచ్చరించే హదీసులు ఉన్నాయి. నేను ఆలిమ్‌ను కాను, ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. తెలిసిన మౌలానా సాబ్‌ను అడిగాను. దారి అమన్‌గా ఉంటే ఒంటరిగా వెళ్లడానికి చాలామంది ఉలమా ఇజాజత్ ఇచ్చారు, అయినా జత ఉంటే మేలు అన్నారాయన. జత దొరకలేదు. మన దగ్గర రెండు వారాలు ఖాళీ దొరికేవాడికి సైకిల్ ఉండదు, సైకిల్ ఉన్నవాడికి ఖాళీ ఉండదు. అందుకని ఆ హదీసుల నుంచి నాకోసం ఒక ఉసూల్ తీసుకున్నాను. మగ్రిబ్ అజాన్ వినిపించేసరికి నేను కప్పు కింద ఉండాలి, సైకిల్‌కు తాళం పడి ఉండాలి. సఫర్ మొత్తంలో ఇంతకన్నా పనికొచ్చిన నియమం ఇంకోటి లేదు. యూట్యూబ్‌లో సైకిల్ సఫర్ చేసే కుర్రాళ్లు చీకట్లో హెడ్‌లైట్ వెలుతురులో తొక్కుతూ వీడియోలు పెడుతుంటారు. లైకులు వస్తాయి. దేఖాదేఖీ మన పిల్లలు కూడా అదే హిమ్మత్ అనుకుంటారు. దాన్ని హిమ్మత్ అనడం నాకు ఇష్టం లేదు.

ఇక ఆ రోజు సంగతి.

ముందు రాత్రి కటునాయకె ఎయిర్‌పోర్టులో దిగి, డబ్బాలో ఉన్న సైకిల్‌ను వ్యాన్‌లో వేసుకొని పక్కనే ఉన్న నెగొంబోలో ఒక చిన్న గెస్ట్ హౌస్‌కు చేరాను. ఇంటి ముందు గదిలో మరియమ్మ బొమ్మ, దాని ముందు ఎర్ర బల్బు. నెగొంబో క్రైస్తవుల ఊరు, చిన్న రోమ్ అని పిలుస్తారు. పాస్‌పోర్టు ఇచ్చాను. ఇంటి ఆమె పేరు చదివింది. చదివి ఒక్క క్షణం ఆగింది. ఆగిందని నాకే అనిపించిందో, నిజంగా ఆగిందో ఇప్పటికీ చెప్పలేను.

ఎందుకంటే ఆ ఊరిలోనే, కటువాపిటియలోని సెయింట్ సెబాస్టియన్ చర్చిలో, 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ నమాజ్... చూశారా, మన అలవాటు, ప్రార్థన అనబోయి నమాజ్ అన్నాను. ఆ ప్రార్థనలో ఉన్న వంద మందికి పైగా మనుషులను ఒక ఆత్మాహుతి దాడిలో చంపేశారు. పిల్లలు ఎంతోమంది. చంపినవాడి పేరూ మన పేర్ల లాంటిదే. ఆ తర్వాత నెగొంబోలో తలదాచుకున్న వందలమంది పాకిస్తానీ, అఫ్గాన్ శరణార్థులు ఇళ్లు ఖాళీ చేసి పోవాల్సి వచ్చింది. వాళ్లు కూడా దహషత్ నుంచి పారిపోయి వచ్చినవాళ్లే. మే నెలలో చిలావ్‌లో, చుట్టుపక్కల ఊళ్లలో ముస్లింల దుకాణాల మీద, మస్జిద్‌ల మీద గుంపులు పడ్డాయి. నేను మొదటి రోజు తొక్కబోయే దారి సరిగ్గా అదే, నెగొంబో నుంచి చిలావ్.

ఇది తెలిసీ ఆ దారే ఎందుకు పెట్టుకున్నావు అని మా బావ అడిగాడు. తెలిసినందుకే పెట్టుకున్నాను. మన పిల్లలు వార్తల్లో చూసి ఒక దేశం గురించి, ఆ దేశం వాళ్లు మన గురించి రాయ్ ఏర్పరచుకుంటున్నారు. మధ్యలో ఎవరో ఒకరు వెళ్లి రాకపోతే ఆ రాయ్ మారేది ఎలా? ఆమె ఆ రాత్రి పాస్‌పోర్టు తిరిగిచ్చి, "ఇండియా? సైకిల్?" అని రెండు మాటలు అడిగింది. పాలు లేని చాయ్ ఇచ్చింది. దాన్ని వాళ్లు ప్లెయిన్ టీ అంటారు. పొద్దున నేను ఫజ్ర్ చదివి కిందికి వచ్చేసరికి తన కొడుకుతో పంపు పట్టించి నా టైర్లలో గాలి చూపిస్తోంది. చర్చి గురించి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం ఇద్దరికీ ఉందనిపించలేదు.

ఏడింటికల్లా దారిలో ఉన్నాను. కొచ్చికడె దగ్గర మహా ఓయ నది దాటాలి. వంతెన దాటితే వేరే ప్రావిన్స్. మన గోదావరి ముందు అది వాగులాంటిది, సదర్మాట్ ఆనకట్ట చూసి పెరిగినవాడికి అది నది అని చెబితే నవ్వొస్తుంది. కాని రెండు పక్కలా కొబ్బరి తోటలు, గాలిలో ఉప్పు వాసన.

ఒక మూడు చక్రాల బండి వెనక నుంచి సంగీతం వాయిస్తూ వచ్చింది. మన ఊళ్లో ఐస్‌క్రీం బండి లాగా ఉంది, ధున్ మాత్రం బీథోవెన్‌ది. రొట్టెల బండి అది. రొట్టెను సింహళంలో "పాన్" అంటారు. హైదరాబాదీ మనిషికి పొద్దున్నే "పాన్, పాన్" అని ఎవరైనా చూపిస్తే ఏమనుకుంటాడు? నవ్వాపుకొని రెండు బన్నులు తీసుకున్నాను. లోపల చేప కూర ఉంది. చేపే కాబట్టి హలాల్ ఫికర్ లేదు. నాష్తా అయిపోయింది.

తర్వాత వచ్చిన ఊరు దగ్గర నేను ఎక్కువ ఆగాను. వెన్నప్పువ. ఈ ప్రాంతాన్ని చిన్న ఇటలీ అంటారు. సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునే కుటుంబాల నుంచి వేలమంది ఇటలీకి పనికి వెళ్లారు. ఇళ్లలో ముసలివాళ్లను చూసుకునే పని, వంటపని. ఆ డబ్బుతో ఇక్కడ రెండంతస్తుల మకాన్‌లు లేచాయి, వంపు కమానులు, బాల్కనీలు, పెద్ద పెద్ద ఇనుప గేట్లు. గేట్లకు తాళాలు. అరుగు మీద ఒక ముసలాయన ఒక్కడే కూర్చొని ఉంటాడు. సైకిల్ స్టాండు వేసి, తంబిలి తాగుతూ ఆ వీధిని చూస్తుంటే నాకు ఖానాపూర్‌లోని మన మహల్లానే కనిపించింది. మన దగ్గరా అదే కదా, మార్బుల్ వేసిన ఇల్లు, అందులో ఒక ముసలి అమ్మీ, ఒక కోడలు, వీడియో కాల్‌లో ముఖం చూపించే కొడుకు. తంబిలి అమ్మే ఆయనతో వచ్చీరాని మాటల్లో చెప్పాను, మా ఊరి నుంచి దుబాయ్ వెళ్తారు, మీ ఊరి నుంచి ఇటలీ వెళ్తారు అని. ఆయన వేలు పైకెత్తి తన కూతురు ఉన్న దిక్కు చూపించాడు. అది పడమర, సముద్రం వైపు. నేను కూడా పడమరే చూపించాను. గల్ఫూ అటే కదా.

పర్దేస్‌కు పనికోసం పోయి ఉంటే ఈ వీధి నాకు దొరికేది కాదు. మజ్దూర్ చూసేది కంపెనీ బస్సు కిటికీ, క్యాంపు గోడ, సూపర్‌వైజర్ ముఖం. ఆ ఎడారి నగరాల్లో ఏళ్ల తరబడి ఉండి వచ్చిన మనవాళ్లను "దుబాయ్ ఎట్లుంటది?" అని అడగండి. రూమ్ గురించి చెబుతారు, డ్యూటీ గురించి చెబుతారు. అది వాళ్ల తప్పు కాదు. చూడటానికి వాళ్లకు ఫుర్సత్ ఇచ్చినవాడు లేడు. ముసాఫిర్‌కు మాత్రం ఫుర్సత్ ఒక్కటే ఉంటుంది, జేబులో వేరే ఏమీ లేకపోయినా.

జేబు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఫ్లైట్ టికెట్ పక్కన పెడితే, రోజుకు మన డబ్బులో 1,500 దాటకూడదని పెట్టుకున్నాను. మొదటి రోజు గది, రెండు పూటల తిండి, చాయ్‌లు, కొబ్బరినీళ్లు అన్నీ కలిపి 1,400 లోపే అయింది. అన్నం, పప్పు, రెండు మూడు కూరలు పొట్లం కట్టి ఇస్తారు, ఒక్క పొట్లం ఇద్దరికి సరిపోతుంది. సైకిల్ కొత్తది కాదు, పాతది కొని గేర్లు, చైను, బ్రేకు రబ్బర్లు మార్పించాను. ఒక నికాహ్ దావత్‌లో మనం పడేసే బిర్యానీ ఖరీదు చూస్తే ఈ మొత్తం సఫర్ ఖర్చు ఎంత? ఆ మాట అంటే మనవాళ్లకు కోపం వస్తుంది, రానివ్వండి.

మధ్యాహ్నానికి మాదంపె దాటాను. ఎండ మన మార్చి ఎండ లాగా ఉంది, దానికి తోడు చెమట ఆరదు. ఆ రోడ్డు మీద ప్రైవేటు బస్సులతో జాగ్రత్త. హారన్ కొట్టి, మనం పక్కకు జరిగామో లేదో చూడకుండానే దూసుకుపోతాయి. అద్దం ఒకటి హ్యాండిల్‌కు బిగించుకోండి, నూరు రూపాయల వస్తువు, ప్రాణం కాపాడుతుంది. ఒంటెను కట్టి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న హదీస్ అందరికీ తెలుసు, కాని మనవాళ్లు మోటార్ సైకిల్ మీద హెల్మెట్ పెట్టుకునేటప్పుడు అది గుర్తురాదు.

చిలావ్ చేరేసరికి మూడున్నర. ఆ రోజు తొక్కింది 45 కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ. ఇంకా రెండు గంటల వెలుతురు ఉంది, కాళ్లలో బలం ఉంది. అయినా ఆగిపోయాను. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న విషయం. పర్దేస్‌లో మొదటి రోజు తొక్కాల్సింది ఇంటి దగ్గర తొక్కగలిగినదాంట్లో సగం. మిగతా సగం బలం కాళ్లకు కాదు, దిమాగ్‌కు కావాలి. కొత్త నోట్లు లెక్కపెట్టడం, కొత్త బోర్డులు చదవడం, కొత్త మనిషిని నమ్మాలా వద్దా అని తేల్చుకోవడం, ఇవన్నీ తొక్కుడు కన్నా ఎక్కువ అలుపు. మొదటి రోజే నూరు కిలోమీటర్లు కొట్టినవాడు చీకట్లో, అలసటలో గది వెతుక్కుంటాడు. అప్పుడే మోసపోతాడు, అప్పుడే ఇంటికి ఫోన్ చేసి ఏడుస్తాడు, ఇంట్లో వాళ్లు "చూశావా, మేం చెప్పలేదా" అంటారు.

మస్జిద్ వెతుక్కొని వెళ్లాను. అస్ర్ జమాత్ అప్పటికే నిలబడి ఉంది! మన ఖానాపూర్ లెక్కలో అస్ర్‌కు ఇంకా దాదాపు గంట ఉండాలి. అక్కడి ముస్లింలు ఎక్కువమంది షాఫయీ మస్లక్ వాళ్లు, వాళ్ల అస్ర్ మన హనఫీ అస్ర్ కన్నా ముందే వస్తుంది. వెళ్లి సఫ్‌లో నిలబడ్డాను. ముసాఫిర్‌కు ఖస్ర్ ఉంది కాని, ముఖీమ్ ఇమామ్ వెనక నిలబడితే నాలుగు రకాతులూ పూర్తి చేయాలి, చేశాను. పక్కన నిలబడిన కుర్రాడి చేతులు నాకన్నా కొంచెం పైన కట్టి ఉన్నాయి. మన గల్లీలో దీని మీద రెండు మస్జిద్‌ల మధ్య మాటలు బంద్ అయిన సంగతి గుర్తొచ్చింది. ఆ కుర్రాడు నా చేతుల వంక చూడనే లేదు.

నమాజ్ అయ్యాక చుట్టూ చేరారు. నేను ఉర్దూ మొదలుపెట్టాను. ఎవరికీ రాదు. ముస్లిం అంటే ఉర్దూ వస్తుంది అనే మన ఖయాల్ అక్కడ ఒక్క నిమిషంలో పోతుంది. వాళ్లు తమిళం మాట్లాడతారు. "ఎన్న ఊర్?" అన్నారు. ఊర్! అది మన తెలుగు ఊరే. ఉప్పు అంటే ఉప్పే. పాల్ అంటే పాలు. మీన్ అంటే చేప, పాత తెలుగులో మీను. మన ఇళ్లలో "తెలుగు బయటివాళ్లతో మాట్లాడే జుబాన్" అనుకుంటాం కదా, ఆ రోజు ఇస్లామీ భాయ్‌లతో నన్ను కలిపింది తెలుగే. సలాం, అల్హందులిల్లాహ్, మిగిలినదంతా ఊరు, ఉప్పు, పాలు.

అందులో ఒక పెద్దాయన తన కుటుంబం జాఫ్నా నుంచి వచ్చిందని చెప్పాడు. 1990 అక్టోబరులో ఎల్‌టీటీఈ ఉత్తర ప్రాంతపు ముస్లింలందరినీ, సుమారు డెబ్బై వేల మందిని, వెళ్లగొట్టింది. జాఫ్నా పట్టణం వాళ్లకు రెండు గంటలే గడువు. చాలామంది పుత్తళం చుట్టూ క్యాంపుల్లో ఉండిపోయారు. ఆ సంగతి కితాబుల్లో ఉంది, నేను చదివాను. కాని ఆయన తన చేతిని మోకాలి ఎత్తులో పెట్టి, అప్పుడు తన కొడుకు ఇంత ఉన్నాడని చూపించడం కితాబులో ఉండదు. 2019 మేలో ఏమైందని అడిగాను. మస్జిద్ ముందు వీధి వైపు చూసి, "ముడింజదు" అన్నాడు. అయిపోయింది అని. అది వదిలేయమని చెప్పడమో, నిజంగా అయిపోయిందనడమో నాకు అర్థం కాలేదు. గది వెతికే పని మాత్రం నాకు లేకుండా చేశారు. ఇద్దరు కుర్రాళ్లు సైకిల్ పట్టుకొని తెలిసిన లాడ్జికి నడిపించారు. లాడ్జి యజమాని సింహళ బౌద్ధుడు, ఆ కుర్రాళ్లలో ఒకడికి క్రికెట్ దోస్త్.

మగ్రిబ్‌కు కప్పు కింద ఉన్నాను. అమ్మీకి ఫోన్ చేశాను. సైకిల్ గురించి అడగలేదు. ఏం తిన్నావు, నమాజ్ ఎక్కడ చదివావు అని రెండే అడిగింది.

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక మాట. మీ పిల్లవాడు ఇట్లాంటిది అడిగితే వెంటనే ఇజాజత్ ఇవ్వకండి, వెంటనే ఇన్కార్ కూడా చేయకండి. ఇంతిహాన్ పెట్టండి. సామాను మొత్తం సైకిల్‌కు కట్టుకొని మామడ మీదుగా నిర్మల్ వెళ్లి, అక్కడ రాత్రి ఉండి, మర్నాడు తిరిగి రమ్మనండి. తర్వాత ఉట్నూర్ అడవి దారి ఎక్కి దిగి రమ్మనండి. పంక్చర్ అయితే తానే ట్యూబు విప్పి అతుకు వేయాలి, చైను తెగితే లింకు కలపాలి, పుల్ల విరిగితే మార్చాలి. ఇవి చేతకాకపోతే ఇజాజత్ లేదు. రోజూ మగ్రిబ్‌కు ఫోన్, పాస్‌పోర్టు నకలు ఇంట్లో, ట్రావెల్ ఇన్సూరెన్స్, తిరుగు టికెట్. ఇన్ని షరతులు మనం ఏ గల్ఫ్ ఏజెంటుకైనా పెట్టామా?

ఆడపిల్లల సంగతి అడుగుతారని తెలుసు. మహరమ్ మసలా మీద నేను మాట్లాడను, అది మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి. నేను అడిగేది అంతకన్నా చాలా చిన్నది. ఏడో తరగతి దాటగానే ఆమె సైకిల్‌ను తమ్ముడికి ఎందుకు ఇచ్చేస్తున్నాం? స్కూల్‌కు తొక్కుకుంటూ వెళ్లే పిల్ల కాలేజీకి ఆటో కోసం గంట నిలబడాల్సిన జరూరత్ ఏ కితాబులో రాసి ఉంది? శ్రీలంక తర్వాత, ముందు ఆమెను ఖానాపూర్ బస్టాండు దాకా తొక్కనివ్వండి.

1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి కొందరు పార్సీ యువకులు సైకిళ్ల మీద దునియా చుట్టడానికి బయలుదేరారు. ఆదీ హకీమ్, జాల్ బాపాసోలా, రుస్తుమ్ భూంగరా, ఈ ముగ్గురు పూర్తి చేసి 1928 మార్చిలో తిరిగి వచ్చారు. పార్సీలు మనకన్నా ఎంతో చిన్న ఖౌమ్. వాళ్ల ఇళ్లలో కూడా అమ్మలు ఉండే ఉంటారు.

రెండో రోజు పుత్తళం దారి, ఉప్పు మడులు, ఇబ్నె బతూతా దిగిన తీరం గురించి ఇంకోసారి రాస్తాను, ఇన్షాఅల్లాహ్. అప్పటిదాకా, ఖానాపూర్‌లోగానీ కడెంలోగానీ ఎవరి పిల్లవాడికైనా పనికొస్తాయంటే నా కేరియర్ బ్యాగులు రెండూ అటక మీదే ఉన్నాయి. తీసుకెళ్లండి. పంపు మాత్రం తిరిగి ఇవ్వాలి.